ఓస్, పురుగేనా!

పోయిన సెప్టెంబరులో ఒక సాయంత్రం పక్కింటి పిల్లాడు గోడ మీంచి తల పెట్టి కేకేశాడు. "ఆంటీ, మీ పూలకుండీ దగ్గర హమ్మింగ్ బర్డ్! తొందరగా రండి, వెళ్ళిపోతుంది!" పొయ్యి మీద చారు పొంగడానికి సిద్ధంగా ఉంది. స్టవ్ కట్టేసి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను.

నిజంగానే ఉంది. గులాబీ రంగు పెంటాస్ గుత్తి ముందు, ఎక్కడా వాలకుండా, గాల్లో నిలబడి ఉంది. ఒళ్ళు నా బొటనవేలి పై కణుపు కన్నా కాస్త పొడుగు. రెక్కలుండాల్సిన చోట పొగలాంటి మసక తప్ప ఏమీ కనిపించదు. వెనక నల్లటి కుచ్చు, పిట్ట తోకలా విచ్చుకుని ఉంది. ముందు నుంచి సన్నటి తీగలాంటిది ఒకటి పువ్వు గొట్టంలోకి దిగింది, అర సెకనులో బయటికొచ్చింది, పక్క పువ్వులోకి దిగింది. మా వీధిలో కరెంటు మీటర్లు చూసుకుంటూ పోయే అతను కూడా ఇంత చకచకా ఇల్లు మారడు.

ఇంతలో పిల్లాడి వాళ్ళమ్మ ఫోను పట్టుకుని వచ్చారు. వీడియో మొదలైంది. "నిజంగా హమ్మింగ్ బర్డేనాండీ?" అని గుసగుసగా అడిగారు, గట్టిగా మాట్లాడితే ఎగిరిపోతుందేమోనని. "కాదండీ, అది మాత్. రాత్రిళ్ళు లైటు చుట్టూ తిరుగుతాయి చూడండి, ఆ జాతే. ఇది పగటిపూట తిరిగే రకం" అన్నాను.

"ఓస్, పురుగేనా!" అని వీడియో ఆపేశారు.

పురుగు మాత్రం తన మానాన తాను పువ్వు తర్వాత పువ్వు చూసుకుంటూనే ఉంది. ఆ "ఓస్" దగ్గరే నా పేచీ. పది సెకన్ల క్రితం ఊపిరి బిగపట్టి చూసిన ప్రాణి అదే, పువ్వు అదే, ఆ ఎగురుడూ అదే. మారింది మనం పెట్టిన పేరొక్కటే. ఆవిణ్ణి అనడం కాదు, నేనూ ఒకప్పుడు ఆ బాపతే. అది తర్వాత చెప్తాను.

ముందు ఒక లెక్క తేల్చేయాలి, ఎందుకంటే వానాకాలం వస్తే చాలు, ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఈ వీడియో ఒకటి తిరుగుతుంది. హమ్మింగ్ బర్డ్ మన దేశంలో లేదు. ఆసియాలోనే లేదు. సుమారు 360 రకాలున్నాయి, అన్నీ అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొస దాకా, ఆ రెండు ఖండాల్లోనే. జర్మనీలో దాదాపు 3 కోట్ల ఏళ్ళ నాటి హమ్మింగ్ బర్డ్ శిలాజాలు దొరికాయి కదా అని మా గ్రూపులో ఒకాయన వాదిస్తారు. దొరికాయి, నిజమే. 2004లో ఆ సంగతి బయటికొచ్చినప్పుడు పక్షుల శాస్త్రవేత్తలే ముక్కున వేలేసుకున్నారు. కానీ 3 కోట్ల ఏళ్ళ కిందటి పిట్ట మొన్న సాయంత్రం మధురవాడలో ఎవరింటి మందారం మీదకీ రాదు.

మన దగ్గర తేనె తాగే పిట్టలు తేనెపిట్టలు. మందారం కొమ్మ పట్టుకుని వాలి, వంకర ముక్కు పువ్వులోకి దించి తాగుతాయి. అప్పుడప్పుడు రెండు క్షణాలు గాల్లో రెక్కలాడిస్తాయి గానీ వెంటనే ఆసరా వెతుక్కుంటాయి. పువ్వు ముందు ఎంతసేపైనా అలా నిలబడి తాగేది మన ఊళ్ళో హాక్ మాత్ అనే మాత్‌ల కుటుంబమే. అందులోనూ పగలు కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గోధుమ రంగు రెక్కలు, వెనక రెక్కల మీద పసుపో నారింజో మెరిసేది. దాని శాస్త్రీయ నామం మాక్రోగ్లాసమ్, అంటే పొడుగు నాలుకది అని. రెండోది ఆకుపచ్చ ఒళ్ళు, నడుముకి ఎర్రటి పట్టీ, గాజులాంటి రెక్కలున్నది. దాని పేరు సెఫనోడీస్ హైలస్. పక్కింటి పిల్లాడు చూసింది ఈ రెండోదాన్ని.

తెలుగులో పేరేమిటని అడుగుతారేమో. నాకు దొరకలేదు. చిమ్మట అందామంటే, బీరువాలో ఉన్ని స్వెట్టరు కొరికేదాన్నీ చిమ్మటే అంటాం, కొన్ని ఊళ్ళలో రాత్రంతా గీపెట్టేదీ చిమ్మటే. ఒకే మాట ఇన్ని ప్రాణుల్ని మోస్తోంది, ఇంకొకటి ఎక్కించడం నాకిష్టం లేదు. మనకి పిట్టలకి పేర్లున్నాయి, చేపలకైతే రేవుకో పేరుంది. ఎగిరే పురుగుల దగ్గరికొచ్చేసరికి భాష చేతులెత్తేసింది. పక్కింటి పిల్లాడు మాత్రం వాళ్ళమ్మ మాటకీ నా మాటకీ రాజీ కుదిర్చి "పురుగుపిట్ట" అన్నాడు. ఇంతకన్నా మంచి పేరు దొరికేదాకా నేను అదే వాడుతున్నాను.

ఇప్పుడు నా సంగతి. న్యూజెర్సీలో ఉన్న మా అక్క కూతురు నాలుగేళ్ళ క్రితం ఒక ఫొటో పంపింది. కిటికీ బయట ఎర్రటి సీసా, దాని ముందు అసలు సిసలు హమ్మింగ్ బర్డ్. అప్పటికే మా పెరట్లో రెండుసార్లు ఈ పురుగుపిట్టను దూరం నుంచి చూసి పిట్టే అనుకున్నాను. ఇంకేముంది, ఆన్‌లైన్‌లో వెతికి అచ్చం అలాంటి సీసానే తెప్పించాను. ఎర్ర ప్లాస్టిక్ పువ్వులు, 649 రూపాయలు. "హమ్మింగ్ బర్డ్‌లను ఆకర్షిస్తుంది" అని అట్టపెట్టె మీద ధైర్యంగా రాసి ఉంది. పంచదార నీళ్ళు పోసి జామకొమ్మకి కట్టాను. మొదటి రోజు నల్లచీమలు. రెండో రోజు ఇంకా నల్లచీమలు, రెండు కందిరీగలు. మూడో రోజు ఉడుత వచ్చి సీసాని కింద పడేసి పోయింది. తేనెపిట్ట ఒకటి పక్క కొమ్మ మీద కూర్చుని ఇదంతా చూసి మందారం దగ్గరికి వెళ్ళిపోయింది. డిగ్రీలో నా సబ్జెక్టు జువాలజీ అని ఇక్కడ ఒప్పుకోవడం సిగ్గుగానే ఉంది.

తమాషా ఏమిటంటే, మా అక్క కూతురి పెరట్లోనూ ఈ రెండూ ఉన్నాయట. అక్కడి హాక్ మాత్ వేరే రకం, వేషం మాత్రం ఇదే. "పిన్నీ, మొదటి ఏడాది నేనూ దాన్ని హమ్మింగ్ బర్డ్ పిల్ల అనుకున్నా" అంది. రెండూ పక్కపక్కన కనిపించే చోట కూడా మనిషి కన్ను మోసపోతుందన్నమాట. ఇది ఇవాల్టి ముచ్చట కాదు. 1848లో అమెజాన్‌కి వెళ్ళి 11 ఏళ్ళు అక్కడే పురుగులు సేకరిస్తూ గడిపిన హెన్రీ వాల్టర్ బేట్స్ అంతటివాడు, పిట్ట అనుకుని హాక్ మాత్‌ను చాలాసార్లు తుపాకీతో కాల్చానని రాసుకున్నాడు. ఎగురుతుండగా ఏది ఏదో పోల్చుకోవడం చాలా రోజులకి గానీ పట్టుబడలేదట. ఇది అది అవుతుంది, అది ఇది అవుతుంది అని అక్కడి జనం గట్టిగా నమ్మేవారని కూడా రాశాడు. చదువుకున్నవాళ్ళతో సహా. కాబట్టి పిట్ట అనుకోవడంలో తప్పు లేదు. పిట్ట కాదని తెలియగానే మొహం చిన్నబుచ్చుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం.

పోల్చుకోవడానికి ఒక్క గుర్తు చాలు. తల మీద చూడండి. మీసాలున్నాయా? రెండు, చివర కాస్త లావుగా, ముందుకి చాచి ఉంటాయి. పిట్టకి మీసాలుండవు. మనం ముక్కు అనుకున్నదీ ముక్కు కాదు, నాలుక. పని అయిపోగానే గడియారం స్ప్రింగులా చుట్టుకుని గడ్డం కింద దాక్కుంటుంది. కాళ్ళు ఆరు, కాకపోతే ఒంటికి అదిమి పెట్టుకుంటుంది కాబట్టి కనిపించవు.

ఆ మీసాల గురించి కాసేపు చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. వాటితో వాసన చూస్తుందని మాకు కాలేజీలో చెప్పారు, అది సగం నిజమే. గాల్లో అలా నిశ్చలంగా నిలబడాలంటే ఒళ్ళు ఏ పక్కకి ఒరుగుతోందో క్షణక్షణం తెలియాలి. ఈగలకి అందుకోసం వెనక రెక్కల స్థానంలో చిన్న గుండీల్లాంటివి ఉంటాయి. మాత్‌కి అవి లేవు. మరి ఎలా? ఇప్పుడు బెంగళూరులో ఎన్.సి.బి.ఎస్. అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఉన్న సంజయ్ సానే, తోటి పరిశోధకులతో కలిసి 2007లో దీని గుట్టు బయటపెట్టారు. ఒక రకం హాక్ మాత్ మీసాల్ని మొదలు దగ్గర కత్తిరించి వదిలితే, అది గోడలకి గుద్దుకుంది, వెనక్కి ఎగిరింది, కింద పడింది. అవే మీసాల్ని జిగురుతో తిరిగి అతికిస్తే మళ్ళీ చాలావరకు సరిగ్గా ఎగిరింది. అతికించిన మీసానికి నరం కలవదు, వాసన తెలియదు. అయినా దాని బరువు మొదట్లో ఉన్న నరాల్ని కదిపితే చాలు, తూకం తెలిసిపోతుంది. నా ఫోను అడ్డంగా తిప్పితే తెర తిరుగుతుంది కదా, దానికి లోపల ఒక సెన్సారు ఉంది. ఆ పని ఇది వెంట్రుకంత మీసంతో చేస్తోంది.

ఫోను అంటే గుర్తొచ్చింది. మీ వీడియోలో రెక్కలు పొగలా ఎందుకుంటాయంటే, యూరప్‌లో ఉండే దీని చుట్టం సెకనుకి 70 నుంచి 80 సార్లు రెక్కలాడిస్తుందని లెక్కగట్టారు. మన ఫోను మామూలుగా సెకనుకి 30 బొమ్మలు తీస్తుంది. అంటే ఒక బొమ్మ తీసేలోపు రెక్క రెండుసార్లు పైకీ కిందికీ పోయొస్తుంది. అమెరికా తూర్పు తీరంలో మా అక్క కూతురి సీసా దగ్గరికి వచ్చే అసలు హమ్మింగ్ బర్డ్‌దేమో 50 చిల్లర. పోటీ పెడితే పురుగే గెలుస్తుంది. స్లో మోషన్‌లో 240కి పెట్టి తీయండి, అప్పుడు ఒక్కో ఊపుకి మూడు బొమ్మలు వస్తాయి, రెక్క రెక్కలా కనిపిస్తుంది. మా పొరుగావిడ ఆపేసిన వీడియోలో పోగొట్టుకున్నది అదే.

సరే, పిట్ట అంటే ఏమైంది, పురుగు అంటే ఏమైంది, పేరులో ఏముంది అంటారు మా ఆయన. పేరులోనే ఉంది అంతా. పిట్ట అనగానే మనం గిన్నెలో నీళ్ళు పెడతాం. పురుగు అనగానే షాపుకెళ్ళి పురుగుల మందు తెస్తాం. ఆ మందు పేరులోనే తీర్పు ఉంది చూడండి, ఏ పురుగుకి అని కూడా అడగదు. ఇది ఎవరో చేసిన పని కాదు, నేనే చేశాను.

మూడేళ్ళ క్రితం కడియం నర్సరీల నుంచి వచ్చిన గంధరాజు మొక్క ఒకటి కొన్నాను. పూజకి తెల్లపూలు కావాలని అత్తయ్య అడిగితే తెచ్చాను. రెండో ఏడు వానలు పడ్డాక ఒక వారంలో కొమ్మలు బోడి అయిపోయాయి. వంగి చూస్తే ఆకు కింద ఆకు రంగులోనే, పక్కల తెల్లటి గీతతో, వేలంత పచ్చటి పురుగులు. తోక దగ్గర చిన్న కొమ్ము. మొక్కల షాపతను ఒక సీసా చేతికిచ్చి "రెండు మూతలు లీటరు నీళ్ళకి, మేడమ్, తెల్లారేసరికి శుభ్రం" అన్నాడు. శుభ్రమే అయింది. పొద్దున్నే కుండీ చుట్టూ పదకొండు లెక్కపెట్టి చేటలోకి ఊడ్చాను. ఆ ఏడు పెంటాస్ దగ్గరికి పిట్ట రాలేదేమిటా అని దీపావళి దాకా ఎదురుచూశాను కూడా. ఎర్ర సీసా కట్టి పిలిచిందీ నేనే, వచ్చినవాటి పిల్లల్ని మందు పెట్టి చంపిందీ నేనే. రెండూ ఒకటేనని ఆ మరుసటి ఏడు దాకా తెలియలేదు.

తెలిసింది కూడా అనుకోకుండానే. మళ్ళీ అవే పురుగులు పడ్డప్పుడు, వాటి తోక మీద కొమ్ము నన్ను ఆపింది. విజయనగరం దగ్గర మా ఊళ్ళో చిన్నప్పుడు నువ్వు చేలో ఇలాంటి కొమ్మున్న పురుగులే, ఇంకా చాలా పెద్దవి ఉండేవి. నాన్న మా చేత ఏరించేవారు, ఒక్కో పురుగుకి పావలా. అది పెరిగితే వీపు మీద పుర్రె బొమ్మతో, పట్టుకుంటే కీచుమనే పెద్ద మాత్ అవుతుంది. తేనెపట్టులో దూరి తేనె దొంగిలించడం దాని వృత్తి. కొమ్మున్నవన్నీ ఒకే కుటుంబం అని అప్పుడు తట్టింది. పుస్తకాలు తిరగేశాను. కార్వార్ అడవుల్లో అధికారిగా చేసిన టి.ఆర్.డి. బెల్, ఆయనతోపాటు ఎఫ్.బి. స్కాట్, ఈ ఇద్దరూ వీటిని స్వయంగా పెంచి చూసి, 1937లో మన దేశపు హాక్ మాత్‌ల మీద ఒక లావుపాటి సంపుటం వేశారు. గంధరాజు ఆకు, అడవిలో బిక్కి చెట్టు ఆకు, పాపిడి ఆకు, కాఫీ ఆకు, అన్నీ ఒకే కుటుంబపు మొక్కలు, అన్నీ ఈ గాజురెక్కలదానికి భోజనమే. (ఆ తర్వాత అరకు వెళ్ళినప్పుడు కాఫీ మొక్కల ఆకులు తిరగేసి చూస్తుంటే తోట మనిషి వచ్చి "గింజలు పైనుంటాయమ్మా" అన్నాడు.)

ఈసారి మందు కొట్టలేదు. రెండు పురుగుల్ని ఐస్‌క్రీమ్ డబ్బాలో వేసి, మూతకి చిల్లులు పెట్టి, రోజూ లేత ఆకు వేశాను. వాటి తిండి చూస్తే భయం వేసింది. రాత్రి పెట్టిన ఆకు పొద్దునకి ఈనెతో సహా లేదు. ఒక రోజు ఉన్నట్టుండి తిండి మానేసి, ఒంటి రంగు మారి, డబ్బా గోడల వెంట ప్రదక్షిణాలు మొదలుపెట్టాయి. అడుగున మట్టీ ఎండుటాకులూ పరిచాను. పట్టుపురుగులా గట్టి గూడు కట్టుకోలేదు. నాలుగు ఆకుల్ని నాలుగు దారాలతో దగ్గరికి లాక్కుని వాటి మధ్య పడుకున్నాయి, అంతే. బయటైతే అవి ఉండేది చెట్టు కింద చెత్తలోనే. రోజూ పొద్దున చీపురుతో నేను ఊడ్చి కాల్చేసిన ఆకుల్లో ఎన్ని పోయాయో.

పదిహేడో రోజు తెల్లవారుజామున చప్పుడైంది. వాటిలో ఒకటి బయటికొచ్చి పుల్ల పట్టుకుని వేలాడుతోంది, రెక్కలు తడిగుడ్డలా నలిగి ఉన్నాయి. అరగంటలో విచ్చుకున్నాయి. చూస్తే గాజు రెక్కలు కావవి, బూడిద పూసినట్టు మసగ్గా ఉన్నాయి. వేరే రకమేమో, ఇన్నాళ్ళూ ఎవరి పిల్లనో సాకానేమో అనుకున్నాను. వెలుతురు వచ్చాక దానికి వణుకు మొదలైంది. చలికి కాదు. ఎగరాలంటే ముందు ఒళ్ళు వేడెక్కాలి, స్కూటరు స్టార్ట్ చేసి కాసేపు ఉంచినట్టు. వణుకు పెరిగి పెరిగి ఒక్కసారి రెక్కలు గట్టిగా ఆడించింది. కింద మావాడి ప్రాజెక్టుకి తెచ్చిన నల్ల చార్టు పరిచి ఉంది. దాని మీద సన్నటి బూడిద రాలింది, ముగ్గుపిండి విదిలించినట్టు. దుమ్ము రాలిపోయాక రెక్కల్లోంచి అవతలి గోడ కనిపించింది. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర పట్టీ, నల్ల కుచ్చు. ఇంకో నిమిషానికి జామచెట్టు దాటి వెళ్ళిపోయింది. ఆ చార్టు ఇంకా నా దగ్గరుంది. మావాడికి ఇంకొకటి కొనిపెట్టాను.

హమ్మింగ్ బర్డ్ ఇలాంటి పని ఒక్కటైనా చేస్తుందా? గుడ్డులోంచి వస్తుంది, తల్లి పెడితే తింటుంది, పెద్దదవుతుంది. పక్షుల మీద నాకేం కోపం లేదు, కానీ పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు అమెరికా పిట్ట కోసం తపించిపోతూ, మన కుండీలో ఇంత తతంగం జరుగుతుంటే ఓస్ అనడం నాకు మింగుడు పడదు.

అత్తయ్యకి ఈ వాదన ఒక్క ముక్క కూడా నచ్చలేదు. "పూలు కావాలా, పురుగులు కావాలా, ఒకటి చెప్పు" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ నెల దేవుడికి గంధరాజు పువ్వు లేదు, నందివర్ధనంతో సరిపెట్టుకున్నారు. (దాని మీద వేరే హాక్ మాత్ పిల్లలు ఉంటాయన్న సంగతి నేనింకా చెప్పలేదు.) నెల తిరిగేసరికి కొమ్మలు మళ్ళీ చిగురించాయి, తర్వాత పూలూ పూశాయి. కానీ ఒకే మొక్క ఉన్నవాళ్ళకి ఆ నెల రోజులు కష్టమే, కాదనను. ఇక రైతు మాట వేరు. మిరప చేను మీద పురుగు పడితే అప్పు పెరుగుతుంది, అక్కడికెళ్ళి ఈ ఉపన్యాసం ఇస్తే నాన్నే నన్ను తరిమేవారు. ఆయన కూడా "ఏరితే పోయేదానికి మందెందుకు" అనేవారే గానీ, ఏరితే పోనివాటికి మందే కొట్టేవారు. నా మాట పెరట్లో పది కుండీలున్న మనలాంటివాళ్ళకి. కుండీలో మొక్క పోతే మన పొయ్యి ఆగదు. పైగా పిట్టలంటే అంత ప్రేమ ఉన్నవాళ్ళు ఒక సంగతి చూసుకోవాలి. తేనెపిట్ట కూడా గూట్లో పిల్లలకి పెట్టేది ముఖ్యంగా పురుగులే.

ఇదంతా పక్కింటావిడకి చెప్పానా అంటే, గోడ దగ్గర నిలబడి ముప్పావు గంట చెప్పాను. చార్టు కూడా చూపించాను. ఆవిడ మర్యాదగా విన్నారు, మధ్యలో రెండుసార్లు కుక్కర్ వంక చెప్పి లోపలికెళ్ళొచ్చారు. పిల్లాడు మాత్రం పురుగుపిట్ట మీసాలకి బొమ్మ గీసి ఫ్రిజ్ మీద అంటించాడట.

మొన్న ఆదివారం ఆవిడ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఏవండీ, మా గంధరాజు మీద మీ పిట్టపిల్లలు పడ్డాయి. ఆకులన్నీ తినేస్తున్నాయి. మందు కొట్టలేదు, మావాడు కొట్టనివ్వట్లేదు. మీరే వచ్చి తీసుకెళ్ళిపోండి."

ఐస్‌క్రీమ్ డబ్బా పట్టుకుని వెళ్ళాను. తొమ్మిది ఉన్నాయి. మా మొక్కకి ఆకులు చాలవు.